తడవకూడని కట్టు

నా చిన్నప్పుడు మా మేనత్త పాల్వంచ దగ్గర ఒక దవాఖానాలో ఆయమ్మగా పనిచేసేది. ఆమె మాతోనే ఉండేది. మా ఇల్లు ఆ దవాఖానా వెనక సందులోనే. బడి లేని రోజు నేనూ అత్త వెంట పోయి, ఎమర్జెన్సీ గది బయట బల్ల మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళను చూసేదాన్ని.

ఆ వానాకాలం ఒక ముసలాయన వారానికి రెండుసార్లు అక్కడికి వచ్చేవాడు. ఇల్లూ వాకిలీ లేని మనిషి, పడుకునేది బస్టాండులో. మడమ మీద పెద్ద పుండు. సిస్టరమ్మ పుండు కడిగి, తెల్లటి కట్టు కట్టి, "తడవనియ్యకు తాతా" అని చెప్పి పంపేది. మూడో రోజుకల్లా బురద పట్టిన కట్టుతో ఆయన మళ్ళీ హాజరు. డాక్టరు గారు మంచివారే. కానీ ఆ శనివారం విసిగిపోయి, ఇట్లాగే ఉంటే పాదం తీసెయ్యాల్సి వస్తుందన్నారు. ముసలాయన తల వంచుకుని విన్నాడు.

సాయంత్రం ఇంట్లో నేను ఆయనలాగా కుంటి చూపించాను.

"ఎంత చెప్పినా వినడత్తా! దవాఖానాల రొట్టె ఇస్తరని గట్ల చేస్తుండు."

మా అమ్మ నవ్వింది. అత్త నవ్వలేదు.

మర్నాడు పొద్దున్నే అత్త నన్ను అరుగు మీద కూర్చోబెట్టి, పాత తెల్లచీర చింపి నా కుడి పాదానికి చుట్టింది.

"పొద్దుగూకేదాక ఇది తడవొద్దు, మురికి కావొద్దు. గెలిస్తే రిబ్బన్లు కొనిస్త."

"గింతేనా?"

"ఇంకోటుంది కోడలా. ఎవ్వరింట్లకూ పోవద్దు. మనింట్లకు గూడ."

సంబరంగా బయల్దేరాను. సందు దాటకముందే చినుకులు మొదలయ్యాయి. ఆ గుడ్డతో కాలు చెప్పులో పట్టలేదు. కిరాణా కొట్టు చూరు కింద నిలబడితే, బేరాలకు అడ్డమని కొట్టాయన జరగమన్నాడు. బస్టాండుకు పోయి బెంచీ మీద కాళ్ళు పైకి పెట్టుకుంటే, ఎవరో గద్దించి దించమన్నారు. కింద నేలంతా నీళ్ళు. అంతలో ఫ్యాక్టరీ షిఫ్టు బస్సు వచ్చింది, ఆ తోపులాటలో ఒకాయన బూటుతో నా పాదం తొక్కి ఎక్కాడు. మధ్యాహ్నం కాకముందే గుడ్డ బురదముద్ద అయింది. ఏడుస్తూ బస్టాండు బయటికొచ్చాను.

"ఏమైంది బిడ్డా కాలుకు?"

చూస్తే ఆ ముసలాయన. నేను నోరు తెరవకముందే కింద కూర్చుని, తన కాలికి చుట్టుకున్న ఎరువుల సంచి ప్లాస్టిక్ కవరు విప్పాడు. అది నా పాదానికి తొడిగి, పురికొసతో ముడి వేశాడు.

"గిట్ల కట్టుకుంటె జర ఆగుతది. పుండును తడవనియ్యొద్దని డాక్టరు సార్ చెప్పిండు."

నా కాలికి ఏ పుండూ లేదని చెప్పలేకపోయాను. ఆయన కట్టు మీద వాన పడుతుంటే చూస్తూ నిలబడ్డాను. తర్వాత ఒక్క పరుగున దవాఖానాకు పోయి, వెక్కుతూ అత్తకు అంతా చెప్పాను. నాకు బుద్ధి చెప్పాలనుకున్న మా అత్త, వంగి ఆ కవరు ముడి విప్పి, కడిగి ఆరేసింది.

పని దిగగానే పోయి ఆయన్ను మా ఇంటికి తీసుకొచ్చింది. వసారాలో మంచం వేసింది.

"ఊరోళ్ళు ఏమనుకుంటరు వదినా?" అంది అమ్మ.

"అనుకోనియ్. కాలు పోతె వాళ్ళు తెచ్చిస్తరా?"

అమ్మ కాసేపు మూతి ముడుచుకుని తిరిగింది. తర్వాత తనే వేడినీళ్ళు పెట్టి తెచ్చింది. మందు అదే, కట్టు అదే, కట్టిన సిస్టరమ్మా ఆమే. ఎక్కువైంది మా వసారా కప్పు ఒక్కటే. నెల తిరిగేసరికి పుండు మానింది. ఒకనాడు ఆయన రెండు కాళ్ళ మీద నడిచిపోయి భద్రాచలం బస్సెక్కాడు. మళ్ళీ కనబడలేదు.

ఇప్పుడు నాకు అరవై దాటాయి. దవాఖానాకు ఎప్పుడు పోయినా, ఎమర్జెన్సీ ముందు తోడు లేకుండా కూర్చున్నవాళ్ళు ఒకరిద్దరు కనబడతారు. నొప్పి ఎట్లుందని అందరూ అడిగేదే. నేను పక్కన కూర్చుని, "ఇయ్యాల యాడ పండుకుంటవ్ బిడ్డా?" అంటాను. కొందరు తల వంచుకుంటారు. అప్పుడు ఒక్కదాన్నే లేచి ఇంటికి పోవడం నాకు చేతకాదు.