సంతకం లేని రిపోర్టు

మా చిన్నాన్నది ఫ్యాక్టరీల్లో చెడిపోయిన మిషన్లు బాగుచేసే ఉద్యోగం. కార్డు మీద సర్వీస్ ఇంజినీరు అని ఉంటుంది. ఫ్యాక్టరీల వాళ్లు డాక్టరు గారూ అని పిలిచేవాళ్లు. ఊరందరి మిషన్లకూ వైద్యం చేస్తారుగానీ ఇంట్లో కుళాయి మాత్రం కారుతూనే ఉంటుందని పిన్ని దెప్పేది. ఆయన నవ్వి ఊరుకునేవాడు. నెలలో ఇరవై రోజులు బస్సుల్లోనే గడిచేవి. టూల్ బ్యాగు ఒళ్లో పెట్టుకుని కూర్చునే నిద్రపోవడం అలవాటై, ఇంట్లోనూ గోడకు ఆనుకునే కునుకు తీసేవాడు.

పని అయ్యాక రిపోర్టు రాసి ఫ్యాక్టరీ వాళ్లతో సంతకం పెట్టించుకోవాలి. సంతకం లేకపోతే ఆయన ఆ రోజు వెళ్లనట్టే లెక్క. ఆ రిపోర్టుల కాపీలు తేదీల వారీగా ఫైల్లో పెట్టడం నా పని. చదువు మానేసి ఇంట్లో ఉన్నది నేనే, కోడి గెలికినట్టుండే ఆయన రాత చదవగలిగిందీ నేనే.

అట్టపెట్టెల ఫ్యాక్టరీలో అట్టలను నొక్కి కోసే ప్రెస్ ఒకటి ఉంది. దాని తలుపు తీయగానే మిషన్ ఆగిపోవాలి. అలా ఆపే స్విచ్చి కాలిపోయింది. కొత్తది రావడానికి పది రోజులు పడుతుంది. అన్నాళ్లు ఆపడం కుదరదన్నాడు మేనేజరు. చిన్నాన్న స్విచ్చి వైర్లు రెండింటినీ ఒక తీగముక్కతో కలిపేశాడు. ఇక తలుపు తెరిచి ఉన్నా మిషన్ తిరుగుతూనే ఉంటుంది. పరీక్ష కోసం కాసేపు అలా కలపడం, వెళ్లేముందు తీసేయడం మిషన్లు బాగుచేసేవాళ్లందరూ చేసేదే. ఆ రోజు ఆయన తీయలేదు.

రిపోర్టులో మాత్రం ఉన్నదున్నట్టు రాశాడు. తలుపుకు రక్షణ లేదు, స్విచ్చి మార్చేదాకా నడపకూడదు అని. మేనేజరు సంతకం పెట్టనన్నాడు. చిన్నాన్న తన పైఆఫీసరుకు ఫోన్ చేసి అదంతా చదివి వినిపించాడు. గొడవెందుకు, సంతకం తీసుకుని వచ్చెయ్ అన్నాడాయన. చిన్నాన్న ఇంకో కాగితం మీద మిషన్ బాగా నడుస్తోందని రాశాడు. దానికి సంతకం పడింది. మొదటి కాగితం మడిచి తెచ్చి, విడిగా దాచమని నాకిచ్చాడు.

ఆరో రోజు ప్రెస్ నడిపే ఆమెకు రెండు వేళ్లు పోయాయి. అజాగ్రత్తగా చెయ్యి పెట్టిందని ఫ్యాక్టరీ వాళ్లు ఆమెను పనిలోంచి తీసేశారు.

చిన్నాన్న రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. మూడో రోజు ఆ కాగితం అడిగాడు.

"మీరు నోరు మూసుకుంటే ఉద్యోగమన్నా మిగులుతుందండీ" అంది పిన్ని.

ప్రెస్ నడిపే ఆమె తప్పేం లేదని ఫ్యాక్టరీలో చెప్పి వస్తానని వెళ్లాడు. మధ్యాహ్నానికల్లా తిరిగొచ్చాడు, బ్యాగు లేకుండా. మేనేజరు కాగితం తిప్పి చూసి, "సంతకమేదండీ? నిన్న ఇంట్లో కూర్చుని రాసుకున్నారేమో, మాకేం తెలుసు?" అన్నాడట. తీగ కలిపింది తనేనని చిన్నాన్న అన్న మాట మాత్రం వెంటనే రాసుకున్నారట. చివరికి ఇద్దరిదీ నిర్లక్ష్యమే అని తేల్చారు. ఆయన ఉద్యోగం పోయింది. ఆమె పని ఆమెకు తిరిగి రాలేదు.

ఆదివారం నన్ను వెంటబెట్టుకుని ఆమె ఇంటికి వెళ్లాడు. ఒకే గది. ఆమె మంచం మీద కూర్చుని ఎడమ చేత్తో బట్టలు మడతపెట్టుకుంటోంది. తప్పంతా నాదేనమ్మా అన్నాడు చిన్నాన్న. కాగితం సంగతి మొదటినుంచీ చెప్పాడు. ఆమె చివరిదాకా విన్నది.

"మీరు తీగ కలుపుతుంటే టార్చి పట్టుకుంది నేనే కదా సార్. ఏంటిదని అడిగితే, ఏం కాదులేమ్మా అన్నారు."

ఆమె చేతిలోని చొక్కా ఒళ్లో పెట్టుకుంది.

"ఆ కాయితం అప్పుడే నాకు చూపించుంటే, నేను చెయ్యి పెట్టేదాన్నా?"

మేనేజరుకు చూపించాడు. ఆఫీసరుకు చదివి వినిపించాడు. దాచమని నాకిచ్చాడు. నేనూ రెండుసార్లు చదివి దాచాను.

ఆమె మడత సరిగా రాని చొక్కాను విదిలించి మళ్లీ మొదలుపెట్టింది. మమ్మల్ని కూర్చోమనలేదు.