కర్త పారిపోయిన వాక్యం

అమెరికాలో, మిన్నెసోటా రాష్ట్రపు డులూత్‌లో మే నెల వచ్చినా సరస్సు మీద మంచు పెళ్లలు తేలుతూనే ఉన్నాయి. ఆ చలిలోనూ బ్రిటా లుండీన్‌కి చెమటలు పట్టాయి. మెడికల్ కాలేజీల దరఖాస్తులో ఒక ప్రశ్న ఉంది: చదువుకున్న చోట నీ మీద ఎప్పుడైనా చర్య తీసుకున్నారా?

తీసుకున్నారు. రెండో ఏడు కెమిస్ట్రీ ల్యాబులో బ్రిటా చేతిలో ఫ్లాస్కు పగిలింది. ఆ పిల్ల రిపోర్టులో మాత్రం తెల్లటి స్ఫటికాలు నిక్షేపంగా తయారయ్యాయి. ఎంత వేడికి కరిగాయో కూడా తేలింది. పక్క బల్ల స్నేహితురాలి అంకెలు మరి! అది బయటపడి సున్నా వేశారు, రికార్డులో మచ్చ మిగిలింది. ఇప్పుడు దాచి, రేపు బయటపడితే వచ్చిన సీటూ పోతుంది. చెబితే అసలు ఇంటర్వ్యూకి పిలుస్తారో లేదో.

చెప్పాలనే నిశ్చయించుకుంది. కాకపోతే అందంగా. కాలేజీలో దరఖాస్తులు దిద్దిపెట్టే డోలొరెస్ మాకెలా ఆ పేరా చదివి కళ్లద్దాలు నుదుటి మీదకి నెట్టింది.

"'అంకెల విషయంలో పొరపాటు జరిగింది.' ఎవరు చేశారమ్మా? గాలివానా?"

"నేనేనని తెలుస్తూనే ఉందిగా, డోలొరెస్ గారూ."

"ఎక్కడ? మీ అమ్మమ్మ జబ్బుంది, కారు మొరాయించడం ఉంది, మంచు తుఫానుంది. చివర్న నీకు నాయకత్వ లక్షణాలు కూడా వచ్చేశాయి. ఇది చదివితే కాపీ కొట్టినందుకు నీకు సన్మానం చేయాలనిపిస్తోంది!"

కర్త, కర్మ, క్రియ అని వ్యాకరణం వరసగా చెబుతుంది గాని, తప్పు ఒప్పుకునే వాక్యంలోంచి ముందుగా గోడ దూకేది కర్తే. పాత శాసనాలు చూడండి, కోటలు గెలిచేది రాజు. ఓటమి మాత్రం దానంతటదే సంభవిస్తుంది. ఇక మిన్నెసోటా సంగతి చెప్పనే అక్కర్లేదు. కాలు తొక్కినవాడికి, తొక్కించుకున్నవాడు క్షమాపణ చెప్పే సీమ అది.

బ్రిటా అమ్మమ్మని పక్కన కూచోబెట్టింది. కారుని తోలేసింది. తుఫాను వెలిసింది. మిగిలింది ఇంతే: "నా ఫ్లాస్కు పగిలింది. స్నేహితురాలి అంకెలు నావిగా రాసి ఇచ్చాను."

"బోడిగా ఉందండీ."

"ఉండనీ. సవరం కట్టకు."

అక్టోబరులో ఒక కాలేజీ పిలిచింది. ముసలి సర్జన్ ఒకాయన ఆ రెండు వాక్యాలూ చదివి, "ప్రయోగం మళ్లీ చేయడానికి టైము లేదా?" అన్నాడు.

"ఉందండీ. బద్ధకించాను. ఆ సాయంత్రం హాకీ మ్యాచ్ ఉంది."

"ఎవరు గెలిచారు?"

"ఓడిపోయామండీ."

ఆయన నవ్వలేదు. "రోగి బీపీ చూడటం మరిచిపోయావనుకో. చార్టులో ఏం రాస్తావ్?"

"చూడలేదని రాస్తాను. రాసి, వెళ్లి చూస్తాను."

"ఊఁ" అని పేజీ తిప్పాడు.

ఫిబ్రవరిలో సీటు వచ్చింది. వాకిట్లో మంచు ఎత్తిపోస్తున్న వాళ్ల నాన్న ఆ కబురు విని, పార కింద పెట్టకుండానే, "పర్లేదే" అన్నాడు. ఆ ఊళ్లో అంతకు మించిన ఊరేగింపు లేదు.