ఎయిర్‌పోర్టుకు ఫారినర్‌ని చూడటానికి వెళ్లి

మా ప్లేస్కూల్ మేడమ్ దృష్టిలో చిన్నపిల్లలకు వేరే సంస్కృతులు పరిచయం చేయడమంటే ఫ్యాన్సీ డ్రెస్సే. నాలుగేళ్ల పిల్లలకు జపాన్‌వాళ్ల కిమోనో ఒకటి, అరబ్బుల తలగుడ్డ ఒకటి అద్దెకు తెచ్చి స్టేజీ ఎక్కిస్తే పనైపోతుందట. మనుషుల్ని చూపించకుండా బట్టలు చూపిస్తే ఏం లాభమని వాదించాను. "సరే, ఎయిర్‌పోర్టు పక్కనే ఉందిగా. ఫారినర్‌తో ఫొటో తీసుకురా. ఫొటో లేకపోతే ఇకమీదట ట్రిప్పులే ఉండవు" అన్నారు. ఆ ట్రిప్పుల కోసమే నేను ఈ ఉద్యోగంలో ఉన్నాను.

ఎయిర్‌పోర్టు తెరిచి ఇప్పటికి రెండేళ్లు. శంషాబాద్ బస్టాండు దగ్గర వ్యాను మాట్లాడుకుని, ఎనిమిది మంది పిల్లలతో, ఆయమ్మతో తొమ్మిదింటికి బయలుదేరాం. దారి పావుగంటే. కిరాయి కాక పార్కింగు మనమే కట్టుకోవాలి.

"గీ పొట్టోళ్లు ఏ దేశం పోతున్నరు మేడం?" అన్నాడు డ్రైవర్ యాదయ్య.

"ఏ దేశమూ కాదన్నా. మనుషుల్ని చూడటానికి."

"గంత దూరమెందుకు? జర నా దిక్కు చూస్తే అయిపాయె!"

నిజంగానే అతన్ని చూసి వెనక్కి రావాల్సింది. విదేశీ విమానాలు ఎక్కువగా దిగేది రాత్రిళ్లని నాకెందుకు తట్టలేదో! ఎండలో గంట నిలబడ్డాక ఒకే ఒక్క తెల్లాయన బయటికొచ్చాడు. "టీచర్, ఫారినర్!" అని ఎనిమిది మందీ ఒక్కసారే అరిచారు. పాపం, ఆయన సూట్‌కేసు లాక్కుంటూ ట్యాక్సీలో దూరాడు. జూపార్కులో పులిని చూపించినట్టుంది నా పాఠం. పైగా గార్డు వచ్చి "గేటు కాడ నిలవడొద్దు, పక్కకు జరగండి" అని గదమాయించాడు.

ఆ పక్కనే బురఖా వేసుకున్న ఒక పెద్దావిడ, దుబాయ్ వెళ్తున్న కొడుకు జబ్బకు ఆకుపచ్చ గుడ్డ కడుతోంది. మా పిల్లల్లో శ్రావణి నా చెయ్యి విడిపించుకుని ఆవిడ దగ్గరికి వెళ్లిపోయింది.

"అవ్వా, అన్నకు దెబ్బ తాకిందా?"

"నై బేటా. దీంట్ల రూపాయి బిళ్ల పెట్టి కట్టిన. ఇమాం జామిన్ అంటరు. మంచిగ పోయి మంచిగ రావాలె అని."

"కట్టకుంటే రాడా?"

"వస్తడు. కట్టకుంటే నాకు నిద్ర రాదు."

శ్రావణి ఆ ముడిని వేలితో తాకి చూసింది. "మా నాయన లారీ తీస్కొని పోయేటప్పుడు మా అమ్మ ఎదురొస్తది."

"హా, గదే బేటా, గదే!" అంటూ ఆవిడ దాని బుగ్గలు పుణికింది. కెమెరా నా సంచిలోనే ఉండిపోయింది.

స్కూలు గేటు దగ్గర మేడమ్ మొదటి మాట, "ఫొటో ఏది?" లేదన్నాను. ట్రిప్పులు రద్దు. అటు యాదయ్య బండి తీయబోతుంటే, శ్రావణి తన జడ రిబ్బను ఊడదీసి కిటికీలోంచి అతని జబ్బకు చుట్టింది. "మంచిగ పోయి మంచిగ రా" అంది. ఏ కళనున్నాడో అతనూ నవ్వకుండా "వస్త బిడ్డా" అని, రిబ్బనుతోనే వెళ్లిపోయాడు.

"జుట్టు విరబోసుకుని ఏంటిది, శ్రావణీ!" అన్నారు మేడమ్. కిమోనో సోమవారం వస్తోంది. కొలతలు నేనే తీయాలట. ఆ రిబ్బను సంగతి ఆవిడకు ఎలా చెప్పాలో నాకిప్పటికీ తెలియడం లేదు.

పిల్లలతో వెళ్లేవాళ్లకు ఒక్క మాట: విదేశీయుల కోసం గేటు ముందు కాపు కాయకండి. సాగనంపడానికి వచ్చినవాళ్లు నిలబడే చోటికి వెళ్లి, పిల్లల్ని అడగనివ్వండి.