అస్తరు పోగు

"ఒరిజినలేనా?"

ఆ ఫారిన్ కంపెనీ తోలు బ్యాగు నా భుజానికి ఎక్కినప్పటి నుంచి ఈ మాట ఎన్నిసార్లు విన్నానో చెప్పలేను. జగిత్యాల కాలేజీలో అమ్మాయిలు అడిగారు. బస్సులో పక్క సీటు ఆవిడ అడిగింది. అడిగి ఊరుకోరు, నా చెప్పులు చూస్తారు, చున్నీ చూస్తారు, మళ్లీ బ్యాగు చూస్తారు. జవాబు వాళ్లే చెప్పేసుకుంటారు. తెలంగాణ కోసం క్లాసులు బంద్ పెట్టి గేటు దగ్గర కూర్చున్న రోజు, "ఏందే, ఆంధ్రా దొరసాని లెక్క అచ్చినవ్" అని ఒకతె అంటే అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వకుండా ఉండే ధైర్యం నాకు లేదు.

అది అసలుదే. మా చిన్నమ్మ, అమ్మకు చెల్లెలు, కోరుట్ల నుంచి కువైట్ వెళ్లి ఒక ఇంట్లో తొమ్మిదేళ్లు పనిచేసింది. ఆ ఇంటి పాపను పొత్తిళ్ల నుంచి తనే పెంచింది. తిరిగి వచ్చే రోజు ఆ ఇంటి మేడం అల్మారా తెరిచి, ఒక్కసారి కూడా వాడని ఆ బ్యాగును తెల్లటి గుడ్డసంచితో సహా చేతిలో పెట్టిందట. "ఇచ్చి నన్ను పట్టుకొని ఏడ్చిందే" అని చెప్పేటప్పుడు చిన్నమ్మ ముఖం చూడాలి. ఆ తొమ్మిదేళ్లలో తనను ఎవరైనా మనిషిగా చూశారనడానికి ఆమె దగ్గరున్న రుజువు అదొక్కటే. అయినా తను వాడుకోలేదు. "సదువుకునే బిడ్డవు, బుక్కులు పెట్టుకో" అని నాకిచ్చింది.

బుక్కులే పెట్టుకున్నాను. లైబ్రరీ నవల ఒకటి, నా డైరీ ఒకటి. టిఫిన్ డబ్బా ఎప్పుడూ పెట్టలేదు, పులుసు కారుతుందని. బస్సులో కింద పెట్టడానికి మనసొప్పదు. మా ఊరు సిరిసిల్ల దాకా ఒళ్లోనే ఉంచుకుని రెండు చేతులూ దాని మీద వేసి కూర్చునేదాన్ని. వానొస్తే నేను తడిసి దాన్ని చున్నీ కింద దాచేదాన్ని.

తెలంగాణ సమ్మెకు బస్సులు ఆగిపోకముందే ఇంటికి వచ్చేశాను. చిన్నమ్మ కూడా వచ్చి ఉంది. ఆ వారం మా వాడవాళ్లు వంటా వార్పు పెట్టారు. ఆ ఒక్కరోజు మరమగ్గాలు, మా మాటల్లో సాంచెలు, బంద్ చేసి, నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి, అక్కడే వండి అక్కడే తినడం. డైరీని ఇంట్లో వదలడం ఇష్టం లేక బ్యాగు తీసుకునే వెళ్లాను.

మా బాపు కూలికి సాంచెలు నడిపేది ఒక ఆసామి దగ్గర; ఆ సాంచెలన్నీ ఆయనవే. ఆ ఆసామి భార్య ఉల్లిగడ్డలు కోస్తూ నన్ను చూసింది. చేయి తుడుచుకోకుండానే బ్యాగు లాక్కుంది.

"గిది కువైట్‌దా? గిసొంటియి కోరుట్ల అంగట్ల కుప్పలు పోసి అమ్ముతరు."

"మా మేడమే ఇచ్చిందక్కా" అంది చిన్నమ్మ.

"పనిమనిషికా? మస్తు చెప్తున్నవ్ తియ్యి. గింత లొల్లెందుకు, అస్తరుల పోగు తీసి కాలుస్తే తెల్వదా?"

మా ఊళ్లో అదే పరీక్ష. గుడ్డ మీద అనుమానం వస్తే ఒక పోగు లాగి కాలుస్తారు. నూలైతే కాగితంలా కాలి బూడిదవుతుంది. పాలిస్టరైతే కరిగి నల్లటి పూసవుతుంది. నూలు అసలు, పాలిస్టర్ నకలు. ఎంత ఖరీదైన తోలు బ్యాగుకైనా లోపల కుట్టే అస్తరు గుడ్డ పాలిస్టర్‌దే ఉండవచ్చని అక్కడ నాకొక్కదానికే తెలుసు. నేను చెప్పలేదు. ఇరవై మంది ఆడవాళ్ల ముందు నాకు గొంతు రాలేదు.

ఆమె బాపును పిలిచింది. బాపు వద్దనలేదు. నా వైపు చూడకుండా అస్తరు కుట్టు దగ్గర గోటితో ఒక పోగు పట్టి లాగాడు. ఎన్నో ఏళ్లుగా తెగిన పోగులకు ముడులు వేసిన వేళ్లవి. పొయ్యిలోంచి మండుతున్న పుల్ల తీసి అంటించాడు. పోగు ముడుచుకుంది, కరిగింది, పూసయింది.

"పాలిస్టరే!"

"కువైట్ల గూడ మన సాంచెల గుడ్డేనానే!"

అందరూ పగలబడి నవ్వారు. చిన్నమ్మ తల దించుకుంది. అది చూశాక నాకు గొంతు వచ్చింది.

"మీ పట్టుచీర పోగు గూడ కాలుద్దామా పెద్దమ్మా?"

నవ్వులు ఆగిపోయాయి. ఆ చీరలో పట్టు ఎంతో వాడంతటికీ తెలుసు. ఆసామి భార్య నన్ను వదిలేసి బాపు వైపు తిరిగింది.

"నీ బిడ్డకు మస్తు నోరచ్చిందయ్యా. రేపటి సంది సాంచెల కాడికి రాకు. ఇంట్ల కూసొని బుద్ధి చెప్పుకో."

బాపు చేతిలో పుల్ల ఇంకా కాలుతూనే ఉంది. చిన్నమ్మ ముందుకు వచ్చింది.

"ఏ, చిన్న పోరి అక్కా, దానికేం తెల్సు. నేనే అబద్ధం చెప్పిన. ఫుట్‌పాత్ మీద కొన్న. మేడం లేదు, గీడం లేదు."

"గట్ల చెప్పు మరి" అని ఆమె బ్యాగును నా మీదికి విసిరింది. బాపుతో "పొద్దున టైముకు రా" అంది. పక్కనే మైకులో ఒకాయన మన ఆత్మగౌరవం గురించి గొంతు చించుకుంటున్నాడు.

ఇంటికి వచ్చాక "ఎందుకట్ల చెప్పినవ్ చిన్నమ్మా?" అని ఏడ్చాను.

"మీ బాపు పనికి పోవాలె గదనే. నాదేం పోయింది? ఓ మాట."

ఓ మాటట! ఆ పోగు లాగిన చేతిని నేను క్షమించలేదు. చెప్పాల్సినప్పుడు మూసుకుని, మూసుకోవాల్సినప్పుడు తెరిచిన నా నోటినీ క్షమించలేదు. మా వాడలో ఇప్పుడు చిన్నమ్మ పేరు ఫుట్‌పాత్ మేడం. కోరుట్ల నుంచి వచ్చి ఆటో దిగగానే ఎవరో ఒకరు గడపలోంచి ఆ పేరు పెట్టి పిలుస్తారు. ఆమె పలుకుతుంది.