ఆ లైను కొట్టేయండి

వేలిముద్రల ఇంకు ప్యాడ్ మూత తీసినప్పుడల్లా ఆ వాసనకి నాకు మూర్తి గారు గుర్తొస్తారు. ఈ ఉదయమూ గుర్తొచ్చారు. కాకపోతే ఈసారి ఒళ్ళు మండిపోతూ గుర్తొచ్చారు.

మూర్తి గారు రామచంద్రపురంలో రిజిస్ట్రారు ఆఫీసు ఎదురుగా దస్తావేజులు రాసేవారు. మా ఆయన పోయాక ఇద్దరు పిల్లలతో దిక్కుతోచక తిరుగుతున్న నాకు టైపు వచ్చని తెలిసి, "రేపొచ్చెయ్యమ్మా" అన్నారు, అంతే. ఈరోజు నేను తింటున్న అన్నం ఆయన నేర్పిన పని వల్లే. తన మీద అరిచేవాళ్ళకి కూడా కుర్చీ వేసి కూర్చోబెట్టేవారు. అంతటి మంచి మనిషి మీద నాకు ఇరవై ఏళ్ళుగా ఒక కోపం ఉంది.

ఒకరోజు సత్యం గారనే పెద్ద రైతు వీలునామా రాయించడానికి వచ్చారు. కాలవ గట్టున తన పొలంలో నలభై సెంట్లు పక్కనున్న బడికి రాయమన్నారు. ఆ బడిలో ఆడపిల్లలకి మరుగుదొడ్డి లేదు, కట్టడానికి జాగా లేదు. పిల్లలు సాయంత్రం దాకా గుక్కెడు నీళ్ళు తాగకుండా బిగబట్టుకుని కూర్చునేవారు. హెడ్మిస్ట్రెస్ గారు ఆయన చుట్టూ తిరిగి తిరిగి ఒప్పించి, ఆరోజు తనూ వెంట వచ్చి బల్ల మీద కూర్చున్నారు. ఆ లైను టైపు చేస్తుంటే నాకెంత సంబరమో!

అప్పుడు సత్యం గారు అసలు సంగతి బయటపెట్టారు. "మా నాన్నగారు పోయినప్పుడు ఆస్తి మీద పన్ను కట్టలేక చచ్చామండి. ధర్మానికి రాసిందాని మీద పన్ను పడదు కదా. నా పిల్లలకైనా ఆ బాధ తగ్గుద్దని."

మూర్తి గారు కళ్ళజోడు తీశారు. "ఆ పన్ను ఎప్పుడో ఎత్తేశారండి. ఇప్పుడేమీ లేదు."

"హమ్మయ్య, బతికించారు! అయితే ఆ లైను కొట్టేయండి."

"నేను కొట్టనండి. మీరే కొట్టుకోండి," అని మూర్తి గారు పెన్ను ఆయన ముందు పెట్టారు.

సిగ్గు లేకుండా కొట్టేశారాయన, రెండుసార్లు, అడ్డంగా. హెడ్మిస్ట్రెస్ గారు లేచి వెళ్ళిపోయారు.

ఆయన గుమ్మం దాటగానే నేను మూర్తి గారి మీద విరుచుకుపడ్డాను. "చెప్పకపోతే మీ సొమ్మేం పోయేదండీ?"

"ఉన్నది ఉన్నట్టు చెప్పకపోతే ఈ కుర్చీలో ఎందుకమ్మా కూర్చోడం?"

"మరి ఆ పిల్లలో?"

మూర్తి గారు పెన్నుకి మూత పెట్టేశారు. ఆరోజు తెచ్చుకున్న క్యారేజీ విప్పకుండానే ఇంటికి పట్టుకెళ్ళిపోయారు. పోయేదాకా ఎన్నో వీలునామాలు రాశారు గానీ, ఎవరి దానమూ తన చేత్తో కొట్టెయ్యలేదు.

ఈ ఉదయం నా దగ్గరికి వీలునామా రాయించడానికి వచ్చినాయన భీమవరంలో రొయ్యల చెరువుల ఆసామి. లండన్‌లో ఉండే పన్నుల గురించి ఫోన్‌లో ఏదో వీడియో చూశాడట. "పదో వంతు ధర్మానికి రాస్తే మిగతాదాని మీద పన్ను తగ్గుద్దంట కదా మేడమ్?" అన్నాడు. వాళ్ళ ఊరి ఆసుపత్రి పేరు చెప్పాడు. వానొస్తే మంచాల కింద బకెట్లు పెట్టే ఆసుపత్రి. నోరు మూసుకుని టైపు చేశాను. 'నేను నా తదనంతరం నా ఆస్తిలో పదో వంతు మా ఊరి ఆసుపత్రికి ధర్మార్థం ఇస్తున్నాను.'

ఒక్క అబద్ధమైనా ఆడక్కర్లేదు, ఊరుకుంటే చాలు. ఊరుకుందామనే ప్యాడ్ మూత తీశాను. ఆ పాడు వాసన! "ఇక్కడ అలాంటి పన్నేమీ లేదండి," అనేశాను.

"అవునా! అయితే ఆ లైను తీసేయండి మేడమ్."

ఈ రోజుల్లో పెన్నుతో పనేముంది? కీబోర్డు అతని వైపు తిప్పాను. "మీరే తీసుకోండి."

ఏమాత్రం తడుముకోకుండా చెరిపే మీట మీద వేలు పెట్టి నొక్కాడు. చివర్నించి ఒక్కో అక్షరమే పోతోంది. ముందు 'ఇస్తున్నాను' పోయింది. తర్వాత 'ధర్మార్థం' పోయింది. ఆసుపత్రి పోయింది, ఊరు పోయింది. మూర్తి గారూ, మీరు నాకిచ్చిపోయింది ఈ కుర్చీయే కాదు, ఈ కడుపుమంట కూడా.

లైను మొదట్లో వేలు ఆగింది. ఒక్క మాటే మిగిలింది. 'నేను'.

"అది ఉండనివ్వండి మేడమ్," అన్నాడు. "కింది లైనుకి పనికొస్తుంది."