లోపలి గడియ

చిత్తూరులో తిరుపతి బస్సెక్కి కూర్చున్నప్పుడు నా ఒళ్లో ఫోమ్ షీట్ల కట్ట ఉంది. పూతలపట్టులో ఎక్కి పక్కన కూర్చున్న పెద్దాయన దాన్ని వేలితో నొక్కి చూశాడు.

"పరుపా అప్పా?"

"కాదు పెద్దాయనా. రికార్డింగ్ రూము గోడల్లో పెట్టేదానికి. లోపలి సౌండు బయటికి పోదు."

"నిప్పంటుకుంటే? లోపల నువ్వు అరిస్తే ఎవురికి ఇనబడతాది?"

నవ్వేశాను. "ఆడ ఉండేది నేనొక్కడినే."

"అందుకేనప్పా అడిగేది."

తిరుపతి రాకముందే ఆయన దిగిపోయాడు.

ఆ ఫోమ్ వాడలేదు. గోడల్లో మంటంటుకోని రాతి ఉన్ని నింపించి, పైన రెండు వరుసల జిప్సం బోర్డు కొట్టించాను. ఇప్పుడూ శబ్దం బయటికి పోదు. తలుపుకు మాత్రం లోపల గడియ పెట్టించలేదు. బయటినుంచి ఎవరు తోసినా తెరుచుకుంటుంది.

ఇంతవరకూ ఎవరూ తోయలేదు.