నోరు అరువిచ్చే భీముడు

తేనెపుట్టు భీముణ్ణి మొదటిసారి చూసినవాళ్ళు నవ్వకుండా ఉండలేకపోయేవాళ్ళు. పేరు భీముడు, మనిషి వెదురుకర్ర. మొలతాడు రెండు చుట్లు తిప్పుకుంటే తప్ప గోచీ నిలవని నడుము. అలాంటివాడు చేసే పని ఏమిటయ్యా అంటే, తినడం. తిండికి తిమ్మరాజు, పనికి పోతరాజు అని సామెత విసిరేసి ఊరుకోవడానికి లేదు. భీముడికి తిండే పని, ఆ కొండల్లో అంతకంటే కష్టమైన పని ఇంకొకటి లేదు.

తేనెపుట్టు అరకు లోయ పక్క కొండల్లో పాతిక గడపల ఊరు. అక్కడ ఎవరైనా పోతే తొమ్మిదోనాడు వాళ్ళింటి గుమ్మంలో అడ్డాకు విస్తరి వేసి, పోయినవాళ్ళకి ఇష్టమైనవన్నీ వడ్డించేవారు. ఆ విస్తరి ముందు కూర్చుని తినేది భీముడు. ఊరికే తింటే చాలదు. పోయిన మనిషి ఎలా తినేవాడో అచ్చం అలాగే తినాలి. చూస్తున్న ఇంటివాళ్ళ నోట "అదిగో, వచ్చినాడు" అన్న మాట రావాలి. అలా వస్తేనే పోయినవాడు కడుపు నింపుకుని కొండెక్కిపోతాడు. రాకపోతే గుమ్మం దగ్గరే ఆగిపోయి, ఆ ఇంట్లో అందరికంటే చిన్న నోటి ముందున్న తిండి తినడం మొదలుపెడతాడు. తొమ్మిదోనాడు తప్పితే పద్దెనిమిదోనాడు, అదీ తప్పితే ఇరవై ఏడోనాడు. ఆ తర్వాత చేసేదేమీ లేదు. దీన్నే ఊళ్ళో నోరు అరువివ్వడం అనేవారు. భీముడి తాత ఇచ్చాడు, తండ్రి ఇచ్చాడు, ఇప్పుడు భీముడు ఇస్తున్నాడు.

అందుకని బతికున్నవాళ్ళ తిండిని అతను కళ్ళతో కాపలా కాసేవాడు. పెళ్ళిళ్ళలో, సంతలో, పోడు చేలో మధ్యాహ్నం అంబలి తాగేటప్పుడు, నాలుగు నోళ్ళు ఆడుతున్న ప్రతిచోటా ఒక పక్కన చతికిలబడి ఉండేవాడు. ఎవడు మెక్కుతాడు, ఎవడు జుర్రుతాడు, ఎవడు పక్కవాడి ఆకు మీద కన్నేసి తన ఆకు ఖాళీ చేస్తాడు, ఏ ముసలమ్మ సగం ముద్ద చెంగు కింద దాస్తుంది, అన్నీ అతనికి తెలుసు. అతను చూస్తూంటే కొందరికి ముద్ద దిగేది కాదు.

"సూడకురా భీముడా, నానింకా సావనేదు" అనేవాళ్ళు.

అతను నవ్వి మొహం పక్కకి తిప్పుకునేవాడు. తిప్పుకుని చెవులతో వినేవాడు.

అరువిచ్చిన నోరు వెంటనే తిరిగి రాదు. ఒక పూటో, ఒక రోజో పోయినవాడి నోరే అతని మొహం మీద ఉండిపోయేది. బోసినోటి ముసలాయనకి తిన్న రోజున, ముప్పై రెండు పళ్ళూ పదిలంగా ఉన్న భీముడు చిగుళ్ళతో నములుతున్నట్టు దవడలాడిస్తూ బాట దిగి ఇంటికి వచ్చేవాడు. ఆ పూట ఏం తిన్నాడో, ఎవరితో ఏమన్నాడో మర్నాడు అతనికి జ్ఞాపకం ఉండేది కాదు. భార్య కనక అలాంటి రోజున అతనితో మాట్లాడేది కాదు. చంటిదాన్ని చంకనేసుకుని లోపలికి పోయి, బయట అరుగు మీద అతనికి చాప పరిచేది. పెద్దకూతురు రత్నాలు, ఎనిమిదేళ్ళది, తల్లి వెనక నిలబడి ఉండేది.

వెయ్యిన్నీ తొమ్మిది వందల ఇరవయ్యారు చలికాలంలో, రోడ్డు కోసం కొండలు కొలిచే దొర ఒకడు ఊరికి దిగువన గుడారాలు వేశాడు. వెంట శృంగవరపుకోట వైపు గుమాస్తా, సన్యాసిరావు. పగలంతా గొలుసులతో కొలతలు, సాయంత్రం ఒక నోటు పుస్తకం. ఆ పుస్తకంలో దొర కొలతలు కాదు, మాటలు రాసుకునేవాడు. అదొక పిచ్చి ఆయనకి. ఊళ్ళో ఒక చావుకి భీముడు తింటూంటే దూరం నుంచి చూశాడు. నవ్వలేదు. మర్నాడు కబురు పెట్టి, అన్నం, మేకమాంసం ముందు పెట్టించి, ఎవరెవరు ఎలా తింటారో చేసి చూపించమన్నాడు.

భీముడు చూపించాడు. నోట్లో ముద్ద ఉండగానే ఇంకో ముద్ద కుక్కుతూ గొంతులో గురగురమని చప్పుడు చేసే వరహాలును చూపిస్తే, దొర తొడ మీద కొట్టుకుని "గాబుల్" అని రాసుకున్నాడు. అది వాళ్ళ ఊరి సీమకోడి కూతలాంటి తిండి అని సన్యాసిరావు చెప్పాడు. నమలకుండా గుటుక్కున మింగేవాణ్ణి చూపిస్తే "గల్ప్". అది నీళ్ళకీ చెల్లుతుంది, భయంతో ఉమ్మి మింగడానికీ చెల్లుతుంది. విస్తట్లో ఏమీ మిగల్చనివాణ్ణి చూపిస్తే "డివౌర్". మంట అడవిని తిన్నా, మనిషి ఒక పుస్తకాన్ని వదలకుండా చదివినా అదే మాటట. పీకలదాకా నింపుకునేవాడికి "గార్జ్". ఆ మాటకి ఇరుకు లోయ అని కూడా అర్థం ఉందని గుమాస్తా అన్నప్పుడు భీముడు తలూపాడు. తెల్లారేసరికి ఎంత మంచు మింగినా మళ్ళీ సాయంత్రానికి నోరు తెరుచుకుని ఉండే లోయని అతను రోజూ చూస్తున్నవాడే. "వుల్ఫ్" దగ్గర మాత్రం అతని చెయ్యి ఆగిపోయింది.

"అంటే తోడేలురా" అన్నాడు సన్యాసిరావు.

"కూటి కాడ మెకం పేరెత్తుతారా బాబూ?"

"దొరలకి ఆ బెదురు లేదులే. నువ్వు కానీ."

భీముడు కానిచ్చాడు. ఆ చలికాలమంతా అతను గుడారాలకి పోతూ వస్తూ ఉన్నాడు. రత్నాలు కూడా వంటవాడికి అడ్డాకుల కట్టలు ఇవ్వడానికి అప్పుడప్పుడు వెళ్ళేది.

ఫాల్గుణంలో కొండజ్వరం వచ్చింది. ఊళ్ళో నలుగురిని పట్టుకుని ముగ్గురిని వదిలేసింది. వదలనిది రత్నాల్ని.

తొమ్మిదోనాడు భీముడు తన గుమ్మంలో తానే విస్తరి ముందు కూర్చున్నాడు. చోడిపిండి అంబలి, కాల్చిన చిలగడదుంప, బెల్లం ముక్క పెట్టింది కనక. చెయ్యి చాపి, చాపిన చెయ్యి అక్కడే ఆపేశాడు. ఊళ్ళో పాతిక గడపల తిండీ తెలిసినవాడికి తన కూతురు ఎలా తినేదో తెలియదు. ఎంత తడుముకున్నా ఒక్క ముద్ద కూడా కళ్ళకి కట్టలేదు. అతను ఇంటికొచ్చేసరికి ఆ పిల్ల ఎప్పుడూ తినేసి ఉండేది. "తినీసినాను అయ్యా" అని చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడేది. పెళ్ళిళ్ళలో అతనున్న బంతిలో కూర్చునేది కాదు. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది అతని పని.

కనకని అడిగాడు. "పిల్లలందరినాగే తినీది" అంది ఆవిడ, మొహం చూపించకుండా.

పిల్లలందరిలాగే తిన్నాడు. వేళ్ళు నాకాడు, బెల్లం బుగ్గన పెట్టుకుని చప్పరించాడు. "వచ్చింది" అని ఎవరూ అనలేదు. ఊరి దిసారి సోములు, చావుకీ పెళ్ళికీ రోజు చూసి చెప్పే ముసలాయన, నేల చూపులు చూస్తూ లేచి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున అంబలి కుండ మీద మూకుడు తీస్తే, పైన కట్టిన తరకలో మూడు చిన్న వేళ్ళ గాట్లు ఉన్నాయి. ఆ మర్నాడూ ఉన్నాయి. కోళ్ళు గడప దాకా వచ్చి గడప దాటకుండా తిరిగిపోయేవి. ఆరు నెలల చంటిది రొమ్ము నోట పెట్టుకుని, ఎవరో పక్కకి తోసినట్టు తల తిప్పేసి, గుక్కపట్టి ఏడ్చేది. వారం తిరిగేసరికి కనకకి పాలు తగ్గిపోయాయి. చంటిదాని తొడలు ముడతలు పడ్డాయి. ఎవరి వాటా ఎవరు తింటున్నారో ఇంట్లో ఇద్దరికీ తెలుసు. ఆ తెలిసిన సంగతి పైకి అనడానికి ఇద్దరికీ నోరు రాలేదు. చచ్చిన పిల్లని తిట్టలేరు, బతికిన పిల్లని వదులుకోలేరు. ఇంతకంటే పాడు బతుకు పగవాడికి కూడా వద్దు.

పద్దెనిమిదోనాడు ఆకలితో ఆవురావురుమనే పిల్లలా మెక్కి చూశాడు. కుండలో గాట్లు మూడు కాస్తా నాలుగయ్యాయి. చంటిది ఏడవడం కూడా మానేసింది.

ఇక మిగిలింది ఒక్క రోజు. ఆ రోజు ఇంకా రాకముందే, ఒక పొద్దున మంచులో భీముడు గుడారాలకి వెళ్ళాడు. అప్పటికే సామాన్లు కడుతున్నారు. సన్యాసిరావు పెట్టె మీద కూర్చుని ఉన్నాడు.

"బాబూ, నా గుంట, రత్నాలు, మీకాడ ఎప్పుడైనా ఏటైనా తిన్నదా?"

సన్యాసిరావు మొదట విసుక్కుందామనుకున్నాడు. అతని మొహం చూసి మానుకుని, లోపలికి వెళ్ళి దొరతో ఏదో చెప్పాడు. దొరే నోటు పుస్తకం పట్టుకుని బయటికి వచ్చాడు. కాగితాలు తిప్పి ఒకచోట వేలు పెట్టాడు.

"ఉందిరా" అన్నాడు సన్యాసిరావు, అది చూసి. "ఓ దినం వంటోడు బిస్కత్తు పెట్టినాడట. దొర సూసి రాసుకున్నాడు. బోల్ట్, భీముడి కూతురు, అని."

"అంటే ఏటి బాబూ?"

"గబగబా మింగీడం. ఇది ఆశకొద్దీ తినడం కాదురా. మిగతావన్నీ తిండి ఏపు సూసి తినీవోళ్ళ మాటలు. ఇది ఇంకోపక్క సూస్తా తినీవోళ్ళ మాట. ఎవరో వచ్చీసి లాగేత్తారని బెదురు. బెదిరిన గుర్రం లగెత్తినా దొరలు ఇదే మాటంతారు."

"ఎటు సూసింది?"

సన్యాసిరావు దొరని అడిగాడు. దొర పెన్సిలుతో వెనక గుడారం చూపించాడు. ఆ రోజు ఆ గుడారంలో ఉన్నది భీముడే, ఎవరెవరి తిండో చేసి చూపిస్తూ. నాకూ ఒక ముక్క దాచిపెడదామని చూసి ఉంటుంది పిచ్చిది, అనుకున్నాడు భీముడు. దారి పొడుగునా అలాగే అనుకున్నాడు. ఇల్లు చేరేసరికి ఆ అనుకోవడం అతని దగ్గర మిగల్లేదు.

కనక చోళ్ళు విసురుతోంది. అతను తిరగలి ఎదురుగా కూర్చున్నాడు.

"అది ఎవురికి బెదిరి తినీది?"

తిరగలి ఆగింది. కనక పిండి చేతులు చెంగుకి తుడుచుకుంది.

"గంగరాజు ముసిలోడికి తిన్నావు, గుర్తుందా? మూడేళ్ళ కిందట. ఊళ్ళో అందరి ఆకులూ లాక్కు తినీవోడు. ఆ దినం ఆడి నోరెట్టుకునే ఇంటికొచ్చినావు. గుంట గుమ్మంలో కూకుని అంబలి తాగతంది. దాని సేతిలో దొప్ప లాగీసినావు. సేతికంటుకున్నది కూడా ఒదల్నేదు. వేలు కొరికీసినావు."

భీముడు తన చేతుల్ని చూసుకున్నాడు. అతనికి ఏమీ జ్ఞాపకం లేదు.

"ఆ మర్నాడు నువ్వే దానికి కట్టు కట్టినావు. కొడవలి తెగిందని సెప్పినాను. అప్పట్నించి అది బాటకేసి సూసుకుంటానే తినీది. నీ అడుగు సప్పుడైతే సాలు, ఉన్నదంతా మింగీసి సేతులు ఎనక్కెట్టుకునీది. నీకు సెప్పొద్దని ఒట్టేయించుకుంది. అయ్య ఏడుత్తాడు అంది."

భీముడు ఏడవలేదు. ఏడుపు అతని దాకా వచ్చి గడప దగ్గర కోళ్ళలాగే ఆగిపోయింది.

ఇరవై ఏడోనాడు సాయంత్రం, లోయలోంచి మంచు పైకి లేస్తున్న వేళ, కనక గుమ్మంలో విస్తరి వేసింది. ఈసారి అతను ఇంటివైపు తిరిగి కూర్చోలేదు. బాటకి ఎదురుగా, ఒక కాలు మడిచి ఒక కాలు లేవడానికి సిద్ధంగా పెట్టుకుని, అంబలి దొప్పని ఒక అరచేత్తో కప్పుకుని కూర్చున్నాడు. మొదటి ముద్ద మింగాడు. రెండోది నమలకుండా మింగాడు. అరుగు మీదున్న దిసారి సోములు ముందుకి వంగాడు.

మూడో ముద్ద దగ్గర భీముడు తలెత్తి బాటకేసి చూశాడు. మంచులో ఎవరో వస్తున్నారు. వెదురుకర్రలాంటి మనిషి, భుజం మీద తుండు, రెండు చుట్ల మొలతాడు. వస్తూ వస్తూ దవడలు ఆడిస్తున్నాడు. నోట్లో ఏమీ లేదు, అయినా నములుతున్నాడు. కళ్ళు దొప్ప మీదే ఉన్నాయి. ఎనిమిదేళ్ళ గుండె ఎంత వేగంగా కొట్టుకుంటుందో అప్పుడు భీముడికి తెలిసింది. ఉన్నదంతా ఒక్కసారి నోట్లో కుక్కుకుని, గొంతు నొప్పి పుట్టేలా మింగేశాడు. దొప్ప అవతలికి తోసేసి లేచి నిలబడి, చేతులు రెండూ వెనక్కి పెట్టుకున్నాడు.

"తినీసినాను అయ్యా" అంది అతని నోరు, సన్నగా.

"వచ్చింది" అంది కనక. అని గోడకి జారగిలబడిపోయింది.

బాట మీద ఎవరూ లేరు. లోపల చంటిది ఏడ్చింది. చాలా రోజుల తర్వాత ఆకలితో ఏడ్చే మామూలు ఏడుపు. కనక లేచి పరిగెత్తింది. ఆవిడ రవిక అప్పటికే తడిసి ఉంది.

ఆ తర్వాత కుండలో గాట్లు పడలేదు. భీముడు చాలా ఏళ్ళు బతికాడు, నోరు అరువివ్వడం మానలేదు. అతను మానితే ఊరి ఆకలి తీర్చేవాడెవడు? కానీ ఒక్కటి మారింది. ఎవరికి తిని వచ్చినా సరే, ఇల్లు కనపడని మలుపులో, గెడ్డ నీళ్ళ దగ్గర ఆగిపోయేవాడు. మూడుసార్లు నోరు పుక్కిలించి, ఒక బండ మీద కూర్చుని, నోరు తనదయ్యేదాకా అక్కడే ఉండేవాడు. ఎండైనా, వానైనా, మర్నాడైనా. అక్కడినుంచే ఇంటివైపు గొంతెత్తి పిలిచేవాడు. ఏ కూతుర్ని పిలుస్తున్నాడో కనక ఏనాడూ అడగలేదు.

"నిమ్మళంగా తిను అమ్మా. నానింకా రానేదు."